ముందు గదిలో తమ్ముడు

మా తమ్ముడు లిఫ్టు మెకానిక్. రెండేళ్లుగా మా ఇంటికి రాలేదు. కారణం చెబితే నవ్విపోతారు. వాడు ఇల్లు మారుతున్నట్టు నాకు చెప్పలేదు. సామాను చేరిపోయాక ఎవరో పరాయివాళ్ల నోట విన్నాను. నేను మూతి ముడుచుకున్నాను, వాడు బిగుసుకున్నాడు, అంతే. ఈ పండగ సెలవుకి మా ఆయన మధ్యలో దూరి వాణ్ణి రాత్రి భోజనానికి పిలిచాడు. వాడు వస్తానన్నాడు. మళ్లీ మునుపటిలా రాకపోకలు మొదలవ్వాలి, నాకు కావలసింది అదొక్కటే.

దానికి నాకు తెలిసిన దారి వంట. రోజంతా షాపులో పరదాలు కుట్టేదాన్ని, ఆ రోజు పొద్దున్నే వంటింట్లోకి జొరబడ్డాను. కోడి మసాలాలో ఊరుతోంది, చేపలు కడిగి పెట్టాను, తీపి కోసం పాలు మరుగుతున్నాయి. మా ఆయన టీ అడగడానికి వచ్చి, నా మొహం చూసి, అడక్కుండానే వెనక్కి వెళ్లాడు. తెలివైనవాడు.

వాడు మధ్యాహ్నమే దిగాడు. పాత చొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. నేనేమో నైటీలో, చెమటలు కక్కుతూ ఉన్నాను.

"అప్పుడే వచ్చేశావేంట్రా?" అన్నాను.

"ఉల్లిపాయలు తరగాలంటే నీకు ఏడుపుగా. అందుకే."

అమ్మ ఫ్యాక్టరీ షిఫ్టుకి వెళ్లే రోజుల్లో ఇంట్లో వంట మాదే. వాడు స్టూలెక్కి ఉల్లిపాయలు తరిగేవాడు, నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. వాగుడు మాత్రం ఇద్దరిదీ. ఎంత కొట్టుకున్నా కూర ఉడికేలోపు కలిసిపోయేవాళ్లం.

గట్టు మీద ఉల్లిపాయలు కుప్పగా ఉన్నాయి. వాటి మీద జల్లెడ బోర్లించి, "అన్నీ అయిపోయాయిలే, వెళ్లి కూర్చో" అన్నాను. రెండేళ్లకి గడప తొక్కినవాడితో పని చేయించుకుంటే ఏం మర్యాద?

కాసేపటికి మళ్లీ వచ్చాడు. పొగ లాగే ఫ్యాను కీచుమంటోందని, చూద్దామని స్టూలు జరుపుకున్నాడు. వాడి చేతిలోంచి స్టూలు లాక్కున్నాను.

"చుట్టం వచ్చి వంటింట్లో తిరిగితే బాగుంటుందా? ముందు గదిలో కూర్చోరా బాబూ."

నవ్వుతూనే అన్నాను. వాడూ నవ్వినట్టే ఉన్నాడు. "సరే అక్కా" అని వెళ్లాడు. నేను తలుపు దగ్గరగా వేసి, ఉల్లిపాయలు తరుగుతూ, కళ్లు తుడుచుకుంటూ, వాడు ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను. నా బుద్ధి తగలెయ్య. ముందు గదిలో మా ఆయన వాడికి వాన కబుర్లు చెబుతున్నాడు.

రాత్రి బల్ల మీద చోటు లేకుండా వడ్డించాను. "నువ్వూ కూర్చో అక్కా" అన్నాడు. "మీరు తినండి, నేను వేడివేడిగా తెస్తాను" అన్నాను. బల్లకీ పొయ్యికీ మధ్య తిరగడమే సరిపోయింది. కొత్తింట్లో గాలీ వెలుతురూ ఉన్నాయో లేదో, ఒక్కడూ ఏం వండుకుంటున్నాడో, ఒక్క మాటా అడగలేదు. అన్నీ చివర్లో తీరిగ్గా అడుగుదామనుకున్నాను. గిన్నెలు నానబెట్టి వచ్చేసరికి వాడు చెప్పులేసుకుంటున్నాడు.

"అప్పుడే బయల్దేరావా?"

"పొద్దున్నే డ్యూటీ ఉంది. భోజనం చాలా బాగుంది. థాంక్స్ అక్కా."

థాంక్స్ అట. చిన్నప్పుడు వాడి పుస్తకాలకి అట్టలు వేశాను, జ్వరమొస్తే తెల్లవార్లూ పక్కన కూర్చున్నాను. ఎన్నడూ మా మధ్య ఆ మాట రాలేదు.

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"ఫోన్ చేసి వస్తాలే. ఇవాళలా ముందే వచ్చి నిన్ను ఇబ్బంది పెట్టను."

అందులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది, నాలుగు తిట్టి లోపలికి లాక్కొచ్చేదాన్ని. వాడు నిజంగానే అలా అనుకున్నాడు. నేనింకా తినలేదురా, కాసేపు నా పక్కన కూర్చో అని అడిగితే ఆగేవాడే.

"జాగ్రత్తగా వెళ్లు" అన్నాను.