ఖాళీ కాలు

పక్షవాతం వచ్చిన అయిదో నెలకి చిన్నోడి ఎడమకాలికి బలం వచ్చేసిందని ఫిజియోథెరపిస్టు తేల్చాడు. పడుకోబెట్టి మోకాలెత్తమంటే ఎత్తాడు. అరికాలితో తన చేతిని తొయ్యమంటే, పాపం, ఆయన గోడకి కొట్టుకునేంత గట్టిగా తోశాడు. తీరా నిలబెట్టి అడుగెయ్యమంటే మాత్రం ఆ కాలు నేలకి మేకు కొట్టినట్టు ఉండిపోయేది.

చిన్నోడంటే పిల్లాడేం కాదు. యాభై ఆరేళ్లవాడు, ఇళ్లకి రంగులేసే పెయింటరు. అన్నదమ్ములిద్దరిలో చిన్నవాడు కాబట్టి చిన్నోడు. ఆ పేరు పెట్టిన అన్న పోయి పంతొమ్మిదేళ్లయినా పేరు మాత్రం పోలేదు.

“కండలో లోపం లేదు. ఎందుకు మొండికేస్తోందో నాకూ అంతుపట్టడం లేదు,” అన్నాడు ఫిజియోథెరపిస్టు. “నెలాఖరుకి వార్డు ఖాళీ చెయ్యాలి. ఈలోగా నాలుగడుగులు వేస్తే సరే, లేదంటే చక్రాల కుర్చీ రాసిస్తాను.” చిన్నోడి వాటా మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కుర్చీ ఎక్కితే ఇక మళ్లీ వీధి మొహం చూసేది లేదు.

అలా ఆస్పత్రి మేడ మీద తాయ్ చీ అనే చైనా వాళ్ల నెమ్మది కసరత్తు నేర్పే హాలుకి చేరాడు. చిన్నోడి భార్యకి ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. అందుకని పక్క వాటాలో పరదాలు కుట్టుకునే వదిన, అంటే పోయిన అన్న భార్య, రోజూ పదింటికి మిషను ఆపేసి వచ్చేది.

హాల్లో ఏడుగురు రోగులు, ఒక్కొక్కరి వెనకాల ఒక్కో కుర్చీ, పడితే కూలబడ్డానికి. నేర్పే ఆవిడకి వాళ్లు పెట్టుకున్న పేరు ‘మెల్లగా మేడం’. గంటలో వందసార్లు ఆ మాటే అంటుంది మరి.

“మెల్లగా. ఒంట్లో బరువంతా ఒక కాల్లోకి వంపెయ్యండి. అది నిండు కాలు. రెండోది ఖాళీ కాలు. ఖాళీ అయినదాన్ని మీరు ఎత్తక్కర్లేదు, అదే లేస్తుంది.”

“ఇంత మెల్లగా నడిపుంటే నన్ను మొదటి రోజే ఉద్యోగంలోంచి పీకేసేవాళ్లు మేడం,” అనేవాడు పక్కనున్న బస్సు డ్రైవరు. అంటూనే, కిందటి వారం నుంచి కర్ర లేకుండా నడుస్తున్నాడు.

చిన్నోడికీ కుడికాలు నిండేది. ఎడమ మడమ తేలికయ్యేది. సరిగ్గా అప్పుడే వీపు వెనక నిచ్చెన గోడని గీరుతూ జారిన చప్పుడు. తర్వాత రంగు డబ్బా పడిన చప్పుడు. ఆ తర్వాత మూడోది. చిన్నోడు కాలిని నేలకేసి నొక్కేసేవాడు. వెనక్కి చూస్తే ఖాళీ కుర్చీ తప్ప ఏమీ ఉండేది కాదు.

పెయింటర్లకి ఒక కట్టుబాటుంది. ఒకడు నిచ్చెన మీదుంటే రెండోవాడు కింది మెట్టు మీద కాలేసి తొక్కిపట్టాలి. పైవాడు దిగి నేల తాకేదాకా ఆ కాలు తియ్యకూడదు. అన్న పోయిన రోజు నిచ్చెన మీద అన్న, కింది మెట్టు మీద చిన్నోడి ఎడమకాలు. గేటు దగ్గర అన్నం క్యారేజీతో వదిన నిలబడి, “చిన్నోడా, రా, అందుకో,” అంది. కాలు తీశాడు.

నేల తడిగా ఉంది, నిచ్చెన జారింది అని అందరికీ చెప్పాడు. సగం భయంతో చెప్పాడు. మిగతా సగం ఏమిటంటే, నిజం చెబితే ఎందుకు తీశావని అడుగుతారు, అప్పుడు వదిన పేరెత్తాలి. అందుకని ఆ అబద్ధాన్ని గుండెల్లో పెట్టుకుని, పంతొమ్మిదేళ్లు నోరు మెదపలేదు.

నెలాఖరుకి ఇంకా రెండు రోజులుందనగా మేడం అందర్నీ జంటలుగా నిలబెట్టింది. ఎదురెదురుగా అరచేతులు చాచాలి, తాకకూడదు. తోడొచ్చినవాళ్లు వెనక్కి ఒకడుగు వేస్తే రోగి ముందుకి వెయ్యాలి. చిన్నోడికి ఎదురుగా వదిన. అతని చొక్కా చెమటతో తడిసిపోయింది.

మేడం వంగి అతని కాలు చూసింది. “ఇది ఎప్పుడో ఖాళీ అయింది. మీరే నొక్కి పట్టుకున్నారు. దేనికండీ?” అని మామూలుగా అడిగి, పక్క జంట దగ్గరకి వెళ్లిపోయింది.

చిన్నోడికి ఏడుపు ఆగలేదు. “నిచ్చెన జారలేదు వదినా. నేనే కాలు తీశాను.”

వదిన చేతులు దించలేదు. “తెలుసు,” అంది.

“తెలుసా?”

“గేటు దగ్గరే ఉన్నానుగా. నువ్వు నా వైపు వస్తున్నావు, నీ వెనకాల ఆయన పడిపోతున్నారు. రెండూ ఒకేసారి చూశాను.”

“మరి ఒక్క మాటైనా అనలేదే!”

“నిన్నంటే నన్ను నేను అనుకోవాలి. పిలిచింది నేనే కదా. నువ్వు నేల తడి అన్నావు, నేను ఊఁ కొట్టాను. కోపం లేదనుకోకు. ఒక్కోరోజు నీ మొహం చూడబుద్ధి కాదు. అయినా పదింటికి మిషను ఆపేసి వస్తున్నాను.”

చిన్నోడు ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. తను ఆమెని కాపాడుతున్నాననుకున్నాడు ఇన్నేళ్లూ. నిజానికి ఆమె ఆ గేటు దగ్గరే ఒంటరిగా నిలబడిపోయి ఉంది. అది తలుచుకుంటే చక్రాల కుర్చీ కన్నా భయమేసింది.

వదిన ఒకడుగు వెనక్కి వేసింది.

“చిన్నోడా, రా.”

బరువు కుడివైపుకి వంపాడు. ఎడమకాలు లేచింది. వీపు వెనక నిచ్చెన జారింది. డబ్బా పడింది. మూడో చప్పుడూ అయింది. అప్పటికి కాలు గాలిలో ఉంది, ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు. మడమ ఆనించాడు, తర్వాత వేళ్లు. నిలబడ్డాడు.

తలెత్తితే వదిన మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆమె చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోతోంది.

“వినబడిందా?” అని అడిగింది.

“ఊఁ.”

“నాకు రోజూ వినబడుతుంది. ఆగకు, ఇంకా మూడడుగులున్నాయి,” అని వదిన ఇంకో అడుగు వెనక్కి వేసింది.