ఓడలో మొదటి బంతి

నడిసముద్రంలోకి వచ్చినా మనిషికి నెమ్మది లేదంటే ఇక ఏ గంగలో దూకాలి? ఓడలో భోజనాల బల్ల దగ్గర కూర్చున్న ప్రతిసారీ రోజారాణికి ఇదే ఆలోచన. దూకడం పెద్ద కష్టమేమీ కాదు, గంగ కిటికీ అవతలే ఉంది. కాకపోతే అన్నం ఇంకా రాలేదు.

ఆమె అడిగినదేమన్నా గొంతెమ్మ కోరికా? కండ్లకోయలో ఇంజనీరింగ్ కాలేజీ ఎదురుగా టిఫిన్ సెంటర్ నడుపుతుంది. తెల్లారితే పెనం ముందు, మాపటికి గిన్నెల ముందు. దోశ తిరగేస్తూనే ఒకడికి చిల్లర, ఒకడికి చట్నీ, ఒకడికి జవాబు. కూర్చున్న చోటికి వేడి కంచం రావాలి, తింటున్నంతసేపూ ఒక్క మనిషి కూడా తనతో మాట్లాడకూడదు. ఇంతే కోరుకుంది. మేడ్చల్ బస్టాండు దగ్గర ట్రావెల్స్ ఆయన గోడకు ఓడ బొమ్మ అంటించిన రోజు నుంచీ భర్త యాదగిరి చెవిలో జోరీగలా చేరి, చివరికి ఒప్పించింది. చెన్నైలో ఎక్కాలి, సముద్రం చూడాలి, మళ్లీ చెన్నైలోనే దిగాలి.

సరిగ్గా బయల్దేరే రోజు పొద్దున్నే షామీర్‌పేటలో శంకరయ్య పోయాడు.

శంకరయ్య యాదగిరికి చిన్నాయిన. చెరువులో ఈత నేర్పిందీ, వల విసరడం నేర్పిందీ ఆయనే. కన్నకొడుకు ఉన్నా ఆయనకు యాదగిరి అంటేనే ప్రాణం. ఇంట్లో పీనుగ ఉంటే ఓడెక్కుతారా ఎవరైనా? కానీ అప్పటికి సూట్‌కేసులు సర్ది గుమ్మంలో ఉన్నాయి. రోజారాణి ఫోను తీసి, శంకరయ్య పెళ్లాం సుక్కమ్మకు ఒక్క గుక్కలో చెప్పేసింది. యాదగిరికి డెంగీ అంది, ఐసీయూలో పెట్టారంది, ఎవర్నీ లోపలికి రానివ్వడం లేదంది. పక్కనే సూట్‌కేసు మీద కూర్చున్న యాదగిరి అంతా విన్నాడు. లేచి సూట్‌కేసు పట్టుకుని బయటికి నడిచాడు.

ఇక ఈ సంగతి షామీర్‌పేటకు చేరిందా, జన్మలో ఆ ఊళ్లో తలెత్తుకునేది లేదు. అందుకే ఓడెక్కేటప్పుడే మొగుడితో ఒట్టు వేయించుకుంది, ఎవరడిగినా ఊరు పేరు చెప్పకూడదని. యాదగిరి సంగతి ఆమెకు తెలుసు. ఇద్దరు మనుషులు ఎదురైతే వరుస కలపందే వదలడు. బస్సులో పక్కన కూర్చున్నవాడు దిగేలోగా బావ అయిపోతాడు.

తీరా చూస్తే బల్ల దగ్గర ఎవరున్నారనుకున్నారు? కండ్లకోయకు దగ్గర్లోని బహదూర్‌పల్లి వాళ్లు! తన దగ్గర టికెట్లు కొన్నవాళ్లను ఒకే బల్లకు కూర్చోబెట్టమని ట్రావెల్స్ ఆయన చెప్పాడట, మహానుభావుడు. కొత్త చోట తోడుంటుందని. పొద్దుగూకక ముందే మొదలయ్యే మొదటి బంతిలో, నలుగురు కూర్చునే బల్ల దగ్గర, వీళ్లిద్దరూ, వాళ్లిద్దరూ. ఆవిడ పేరు దుర్గాబాయి. ఆయన ఎంకయ్య, ఆర్టీసీలో కండక్టరు చేసి దిగిపోయాడు. ఆయనతో ఏ బాధా లేదు, వంచిన తల ఎత్తకుండా తింటాడు. బాధంతా ఆవిడతోనే.

సూపు గిన్నె కింద పెట్టారో లేదో, ఏ ఊరు మీదని అడిగింది. నిజామాబాద్ అంది రోజారాణి. యాదగిరికి పొలమారింది. నిజామాబాద్‌లో ఎక్కడ అంది ఆవిడ. బోధన్ దిక్కు అంటే, బోధన్‌లో ఆవిడ ఆడబిడ్డ ఉందట, ఏ గల్లీ అంది. అక్కడ ఇప్పుడు ఉండటం లేదు, కామారెడ్డికి మారాం అంటే, కామారెడ్డిలో వియ్యపురాలు! ఈవిడకు చుట్టాలు లేని ఊరు తెలంగాణలో ఒక్కటైనా ఉందా అని రోజారాణికి ఒళ్లు మండిపోయింది. ఆవిడ అంతటితో ఊరుకుందా? చెంచా కింద పెట్టి, మొహంలో మొహం పెట్టి అడిగింది.

"షామీర్‌పేట దిక్కు మీకెవ్వరు లేరు గద?"

లేరంటే లేరంది రోజారాణి. బల్ల కింద మొగుడి కాలు గట్టిగా తొక్కి పట్టుకుంది.

రెండో రోజు బల్ల మార్చమని వడ్డించే ఆయన్ని బతిమాలింది. ఆయన చక్కగా నవ్వి, ఖాళీ లేదన్నాడు. సరే, మొగుడికి గొంతునొప్పి అని చెప్పి అతని నోరైనా మూయిద్దామనుకుంది. అదింకా తప్పయింది. దుర్గాబాయి గదికి పోయి శొంఠి, మిరియాలు, తేనె సీసా మోసుకొచ్చి, బల్ల దగ్గరే కలిపి యాదగిరి చేత తాగించింది. ఓడెక్కేవాళ్లు శొంఠి తెచ్చుకుంటారా అసలు? తాగుతున్నంతసేపూ మళ్లీ అదే ప్రశ్న, వరుస ఏమన్నా కలిస్తే ఏమని పిలవాలో తెలుస్తుంది కదా అని. చేపలొచ్చాయి. వేడివేడిగా పొగలు కక్కుతున్నాయి. కామారెడ్డిలో తమ ఇల్లు ఏ దిక్కుకు ఉందో కల్పించి చెప్పేసరికి రోజారాణి కంచంలో చేప చల్లారి కట్టెలా అయింది. ఇంతకంటే దోశలు పోసుకోవడమే నయమనిపించింది.

యాదగిరి మాత్రం తన కంచాన్ని అటూ ఇటూ కెలికి పక్కకు జరిపాడు. నిన్నా అంతే చేశాడు. ఓడ తిండి పడలేదేమోలే అనుకుంది ఆమె.

మూడో రోజు, ఓడలో ఆఖరి భోజనం. పొద్దున దిగిపోతే పీడా విరగడవుతుంది. ఈ ఒక్కపూట నెట్టుకొస్తే చాలని రోజారాణి వాతావరణం గురించి, మోకాళ్ల గురించి, ఎంకయ్య తిరిగిన బస్సుల గురించి తానే అడగడం మొదలుపెట్టింది. అటు పక్క ఎవరో పియానో వాయిస్తున్నారు. ఒడ్డు దగ్గర పడిందేమో, అప్పటిదాకా చచ్చి పడి ఉన్న ఫోన్లు బల్లబల్లకూ మోగసాగాయి. దుర్గాబాయి ఫోను కూడా మోగింది. కళ్లద్దాలు లేక ఎక్కడో నొక్కింది. స్పీకరు పడి అవతలి గొంతు బల్లంతా వినబడింది.

"దుర్గా, మోకాలు ఆపరేషన్ అయిందానె? లేస్తున్నవా?"

అది సుక్కమ్మ గొంతు.

దుర్గాబాయి గబగబా ఆపబోయి మళ్లీ ఇంకెక్కడో నొక్కింది. సుక్కమ్మ చెప్పుకుపోతోంది. ఆ రోజు శంకరయ్యకు పిట్టకు పెట్టే దినం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ పస్తుండే దినం.

"పిట్ట ముడ్తలేదే. పొద్దటి సంది చెరువుగట్టు మీద కూసున్నం. కొడుకు మొక్కిండు, నేను మొక్కిన. పొద్దుగూకుతాంది. ఆయన పానం మా యాదగిరి మీదనే ఉన్నది. పోయేటప్పుడు గూడ వాన్నే అడిగిండు. వాడేమో దవాఖాన్ల పడె."

దుర్గాబాయి తలెత్తి యాదగిరి వంక చూసింది. అప్పుడు రోజారాణికి తెలిసింది, మూడు రోజులూ ఆవిడ ఊరి పేరు ఎందుకు తవ్వి తవ్వి అడిగిందో. సుక్కమ్మకు పెద్దమ్మ బిడ్డ ఒకావిడ ఉందని వినడమే గానీ ఎప్పుడూ చూడలేదు, ఈవిడేనన్నమాట. మోకాలి ఆపరేషన్ అని చెప్పి ఓడెక్కింది. ఆవిడ భయమూ తన భయమూ ఒకటే.

వద్దని రోజారాణి మొగుడికి కళ్లతో సైగ చేసింది. బల్ల కింద కాలు చాపింది. అక్కడ యాదగిరి కాలు లేదు. అతను లేచి నిలబడి ఫోను అందుకున్నాడు.

"చిన్నమ్మా, నేను యాదగిరిని. నాకు డెంగీ లేదు, ఏం లేదు. ఓడల తిరగవోయిన. నీకు అబద్ధం జెప్పినం."

"దుర్గ ఫోను నీ తాన ఎట్లున్నదిరా?" అంది సుక్కమ్మ. ఎంకయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఫోను గా విస్తరి కాడ పెట్టు చిన్నమ్మా," అన్నాడు యాదగిరి. తర్వాత అంత పెద్ద భోజనశాలలో, అందరూ తిరిగి చూస్తుండగా, గొంతెత్తి పిలిచాడు. "చిన్నాయినా, తప్పయింది. రేపు బండెక్కుతున్న. వచ్చి నీ కాడనే ఉంట. ముట్టు చిన్నాయినా."

పియానో ఆయన ఎందుకో ఆపేశాడు. ఫోన్లో గాలి చప్పుడు, ఎవరిదో దగ్గు. ఆ తర్వాత ఒక్కసారిగా గోల, ముట్టింది ముట్టింది అని. యాదగిరి మొహం తుడుచుకున్నాడు. సుక్కమ్మ మళ్లీ ఫోన్లోకి వచ్చింది.

"ఆయన కోపం దీరింది బిడ్డా," అంది. "నాది దీరలే."

ఫోను పెట్టేసింది.

యాదగిరి కూర్చుని కంచం ముందుకు లాక్కున్నాడు. ఓడెక్కాక అతను కడుపునిండా తినడం అదే మొదలు. వడ్డించే ఆయన రోజారాణి ముందు వేడి కంచం పెట్టి వెళ్లాడు. దుర్గాబాయి ఏ ఊరని అడగలేదు. పొగలు వస్తున్న అన్నం, చుట్టూ నిశ్శబ్దం, ఆమె ఏళ్ల తరబడి కోరుకున్నది అంతా అక్కడే ఉంది. ముద్ద నోట్లో పెట్టుకుంది. దిగలేదు. నీళ్లు తాగింది, అయినా దిగలేదు.

ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడితే బాగుండనిపించింది. చివరికి తానే దుర్గాబాయి వైపు తిరిగి నోరు విప్పింది.

"రేపు ఏ బండికి పోతుండ్రు, చిన్నత్తా?" అంది. "అందరం కలిసే పోదాం. సుక్కమ్మత్త ముంగట ఒక్కదాన్ని నిలవడుడు నాతోని కాదు."