రెండు తీగల పెట్టె

మా అక్క తిమ్మమ్మ పోయి నలభై మూడు రోజులైంది. ఆమె సామాన్లు కొన్ని మిగిలిపోయాయని, వచ్చి తీసుకుపొమ్మని హోసూరులోని నర్సింగ్ హోమ్ నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి మేనేజరు శరవణన్ చేస్తే, శనివారం వస్తానన్నాను.

కళ్లజోడు పెట్టె, స్టీలు చెంబు, దుప్పటి. ఆయన చెప్పినవి ఇవే. ఇంకొకటి కూడా అక్కడ ఉందని నాకు తెలుసు. దాని సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నాకు నాలుగేళ్లప్పుడు అమ్మ పోయింది. అక్కే గొర్రెలు మేపి నన్ను చదివించింది. నేను బేరిగైలో తెలుగు మీడియం పిల్లలకు ఇరవై రెండేళ్లుగా సైన్సు చెబుతున్నాను. ఈ ఏడు వేసవి మొదట్లో అక్క వాకిట్లో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక, నడక వచ్చేదాకా ఆరు వారాలు అక్కడ ఉంచాల్సి వచ్చింది. బటన్ నొక్కితే తలవైపు పైకి లేచే కరెంటు మంచం ఇచ్చారు. రెండు పక్కలా స్టీలు కడ్డీలు.

మొదటి రాత్రే అక్క పేచీ పెట్టింది. మంచం తల ఉత్తరానికి ఉంది.

"ఒరే రాజప్పా, సచ్చినోళ్లను గదరా ఇట్ల పండబెట్టేది."

"అదంతా ఉత్త మాట అక్కా."

"నీకు ఉత్త మాటే. పండుకునేది నేను గదా."

మూడు రోజులు ఆమె సరిగా నిద్రపోలేదు. నాలుగో రోజు ఆయా కెంపమ్మ, నేను కలిసి మంచాన్ని తిప్పేశాం. తల దక్షిణానికి వచ్చింది. మంచం వైరు మాత్రం గోడ దగ్గరి సాకెట్టుకు రెండు బారలు చాలలేదు. మర్నాడు ఇంటి నుంచి ఎక్స్‌టెన్షన్ పెట్టె తెచ్చాను. బడి వార్షికోత్సవంలో మైకు కోసం నేనే చేసుకున్నది. దానికి మూడు రంధ్రాల సాకెట్టు, మూడు కాళ్ల ప్లగ్గు ఉన్నాయి. మధ్యలో వైరు మాత్రం రెండు తీగలది. ఆ రోజు బేరిగై అంగట్లో మూడు తీగల వైరు దొరకలేదు. మూడో తీగ, కారిన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ తీగ, ఎందుకో ప్రతి ఏడూ ఎనిమిదో తరగతికి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ని. అయినా దాన్నే తగిలించాను. కొన్నాళ్లకే కదా అనుకున్నాను.

వారం తిరక్కముందే అక్క అంది, "ఈ కడ్డీ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటాదిరా."

"షుగరుకు వచ్చే తిమ్మిరి అక్కా అది. డాక్టరు చెప్పినాడు గదా."

నేను చదువుకున్నవాణ్నని నా మాట మీద ఆమెకు నమ్మకం.

ఒక ఆదివారం సాయంత్రం పోతే కడ్డీకి పాత చీర ముక్క చుట్టి ఉంది. మాసిపోయి ఉంది. చూడ్డానికి బాగాలేదని విప్పి చెత్తబుట్టలో వేశాను. మర్నాడు తెల్లవారి, కెంపమ్మ వేడినీళ్లకు పోయిన కాసేపట్లో, అక్క తనే మంచం దిగబోయింది. కడ్డీ పట్టుకోలేదు. తల నేలకు కొట్టుకుంది. తొమ్మిది రోజులు ఉండి కన్నుమూసింది.

ఆ తొమ్మిది రోజుల్లో ఒకనాడు శరవణన్ ఒక తెల్లకాగితం తెచ్చి, జరిగింది రాసివ్వమన్నాడు. మాటలు చూసి వాడతానని నాకు పేరు. ఆ రోజు కూడా చూసే వాడాను. "ఆయా కెంపమ్మ నిర్లక్ష్యం వల్ల" అని రాసి సంతకం చేశాను. ఆమెను ఆ మర్నాటి నుంచి రావద్దన్నారు.

శనివారం నేను పోయేసరికి అక్క ఉన్న గది తలుపు తీసి ఉంది. మంచం మళ్లీ ఉత్తరానికి తిరిగింది. దాని పక్కన నేల మీద ఒక అమ్మాయి బాసిపట్లు వేసుకుని, టిఫిన్ డబ్బా అంత మిషన్‌కు మంచం వైరు తగిలించి ఏదో రాసుకుంటోంది. తలెత్తి, గబుక్కున లేచింది.

"సార్, మీరా? నేను రేణును. బేరిగై బడి, మూడో బెంచీ."

"గుర్తుండావమ్మా. ఈడ ఏం చేస్తాండావు?"

"మంచాలకు జ్వరం చూస్తాండాను సార్," అని నవ్వింది. కృష్ణగిరిలో డిప్లొమా చేసి, ఆస్పత్రి పరికరాల్లో కరెంటు కారుతుందేమో పరీక్షించే కంపెనీలో చేరిందట. "మంచాలు, సక్షన్ మిషన్లు, ఆక్సిజన్ మిషన్లు, అన్నీ ఏడాదికొకసారి చూడాల. వీళ్లు ఇప్పుడే మొదటిసారి పిలిచినారు."

"ఈ మంచం ఎట్లుండాది?"

"మామూలుగా పెడితే పాస్ సార్. ఎర్త్ తీగ తెగితే ఏమైతాదని చూసే టెస్టు ఒకటుంది. అందులో ఐదొందల మైక్రోఆంపులు దాటకూడదు. ఇది రెండు వేల వంద చూపిస్తాంది. మంచం కడిగిన నీళ్లు మోటారులోకి పోయినట్టుండాయి."

"అంటే, మనిషికి?"

"ప్రాణం పోదు సార్. ముట్టుకుంటే జివ్వుమంటాది. ముసిలోళ్లయితే ఇంక ఆ కడ్డీ జోలికి పోరు." ఆమె గోడ వైపు చూపించింది. "ఈడ సాకెట్టులో ఎర్త్ బాగుండాది కాబట్టి సరిపోయింది."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఇక్కడ పండుకున్నది మా అక్క అని ఆమెకు తెలియదు.

శరవణన్ అక్క సామాన్ల సంచీ పట్టుకుని వచ్చాడు. ఆయన ఇంట్లో తమిళం. తెలుగు మాలాంటి వాళ్లతో మాట్లాడి నేర్చుకున్నది. ఇంకో చేతిలో ఆ పెట్టె ఉంది.

"ఇదీ చూడమ్మా. వీళ్ల అక్క ఉన్నప్పుడు ఈ మంచానికి ఇదే పెట్టి ఉండింది. మాది కాదు. ఆ కెంపమ్మ తెచ్చి ఉంటాది, సెల్లు చార్జు పెట్టుకునేకి. రిపోర్టులో ఆమె పేరే రాసెయ్. ఎట్లాగూ ఆమె మీద సార్ కంప్లైంటు ఉంది కదా."

రేణు నా వైపు చూసింది. స్క్రూడ్రైవరుతో పెట్టె మూత విప్పింది. లోపల రెండు తీగలు. మూడో స్క్రూ ఖాళీ. వైరు లాగితే తీగలు ఊడిరాకుండా లోపలే వేసే ముడి ఒకటుంటుంది. ఒక తీగను ముందు నుంచి, ఒకదాన్ని వెనక నుంచి తిప్పి, ఒకదాని కన్నంలోంచి ఇంకొకటి లాగాలి. నా దగ్గర చదివిన ప్రతి బిడ్డ చేతా ఆ ముడి వేయించాను. కొస మిగలకుండా నేను వేసినట్టు ఎవరూ వేయలేకపోయేవారు.

ఆమె ఆ ముడిని కొంచెంసేపు చూసింది. మూత మూసేసింది.

"సార్," అంది శరవణన్‌తో, "ఎవరు తెచ్చినారో తెలియదు అని రాస్తాను. పేరు రాసేది నా పని కాదు."

ఆయన సరే సరే అంటూ ఫోన్ వస్తే బయటికి పోయాడు. రేణు తల వంచుకుని స్క్రూలు బిగిస్తోంది. అవి అప్పటికే బిగిసి ఉన్నాయి. నేను నడిచి బయటికి పోతే చాలు. ఈ అమ్మాయి ఎవరికీ చెప్పదు. కెంపమ్మ పేరు ఎట్లాగూ నా కాగితంలో ఉంది.

"రేణూ, అది నాది."

"తెలుసు సార్," అంది, తల ఎత్తకుండానే. "తెలియదని రాస్తానన్నాను గదా."

"అట్ల రాయొద్దమ్మా. నా పేరు రాయి."

ఆమె రాయలేదు. పెన్ను నా చేతికిచ్చింది. నేనే రాశాను, 'మంచానికి ఎర్త్ లేని పెట్టె తగిలించినది రోగి తమ్ముడు, బేరిగై సైన్సు ఉపాధ్యాయుడు రాజప్ప' అని. తర్వాత శరవణన్ గదిలో ఇంకో కాగితం అడిగి, నా పాత కంప్లైంటు వాపసు తీసుకుంటున్నానని, కారణంతో సహా రాసిచ్చాను. దానికి జిరాక్సు తీయించుకున్నాను.

"పోయినోళ్లు పోయినారు సార్," అన్నాడాయన, రెండుసార్లు చదివి. "ఇది పెడితే మా మోటారు సంగతీ బయటికి వస్తాది."

"రానియ్యండి."

కెంపమ్మను సోమవారం నుంచి పనికి రమ్మంటానని ఆయన చేత ఒప్పించుకుని, ఆ మధ్యాహ్నమే ఆమె ఊరు అత్తిముగం పోయే బస్సెక్కాను.

ఆమె ఒక రోజా తోట షెడ్డులో కత్తెరతో పూల కాడలకు ముళ్లు తీస్తోంది. వేళ్లకు ప్లాస్టర్లు. నన్ను చూసి లేవలేదు.

"రా అయివారూ. ఆ బకెట్టు బోర్లేసుకుని కూర్చో."

కూర్చున్నాను. పెట్టె సంగతి, కంప్లైంటు వాపసు తీసుకుని కాగితం రాసిచ్చిన సంగతి, సోమవారం నుంచి పనికి రమ్మన్న సంగతి చెప్పాను. ఆమె పని ఆపకుండా విన్నది.

"కడ్డీ కరస్తాదని నాకు తెలుసు," అంది. "మీ యక్క చెప్తే నేనూ ముట్టి చూసినాను. నీకు చెప్దామని వచ్చినాను. నువ్వు ఎవురితోనో షుగరుకు తిమ్మిరి వస్తాదని ఫోన్‌లో చెప్తాండావు. అయివారికి తెలీదా కరెంటు సంగతి అనుకోని, నా చీర చించి కడ్డీకి చుట్టినాను. అప్పుట్నుంచి పట్టుకుని దిగేది ఆయమ్మ. దాన్ని ఏ పాపిష్టోళ్లు విప్పినారో ఏమో."

నా జేబులో ఆ కాగితం జిరాక్సు ఉంది. అందులో పెట్టె సంగతి ఉంది. గుడ్డ సంగతి లేదు.

"నేనే కెంపమ్మా," అన్నాను. "మురికిగా ఉందని."

కత్తెర ఆగింది. షెడ్డులో అవతలి వరసలో ఎవరో నీళ్ల పైపు కట్టేశారు. ఆమె చేతిలోని కాడ పక్కన పెట్టి, "ఆ కాగితంలో ఏం రాసినావో చదువు. నాకు రాదు," అంది.

మొదటి నుంచి చదివాను. చివరికి వచ్చి, పెన్ను తీసి, మోకాలి మీద పెట్టుకుని, ఆమె చుట్టిన గుడ్డను నేను విప్పానని, మర్నాడే అక్క పడిందని కింద రాశాను. అదీ చదివాను.

"శరవణన్ దగ్గర ఉండే కాగితంలో కూడా ఇది రాస్తావా?"

"రేపు పోయి రాస్తాను."

ఆమె ఇంకో కట్ట ముందుకు లాక్కుని ముళ్లు తీయడం మొదలుపెట్టింది.

"ఆ కడాన రాసింది మళ్లీ చదువు," అంది.

చదివాను.