యోబు తీసిన నాలుగు నిమిషాలు

నూలు బజారులో ఆనాటి ధర చెబుతున్న వ్యాపారి మొహం మీంచి కెమెరాను నూలు మూటల మీదికి మెల్లగా తిప్పి, యోబు రికార్డింగు ఆపాడు. ఐదేళ్లుగా అదే పని. మహారాష్ట్రలోని భివండిలో ఒక చిన్న కేబుల్ చానెల్‌కు వ్యాపార వార్తలు తీసేది అతనొక్కడే. నూలు ధర, కరెంటు కోత, మూతపడ్డ కార్ఖానా, పెరిగిన కిరాయి. పెళ్లిళ్లు తీసేవాళ్లను వీధిలో గుర్తుపట్టి పలకరిస్తారు. యోబునెవరూ పలకరించరు.

ఆ రోజు రెండో పని పద్మనగర్‌లో. మరమగ్గాల కార్మికుల గదుల మీద వార్త. పదడుగుల గదిలో పన్నెండు మంది. పగలు మగ్గం నడిపినవాళ్లు రాత్రి, రాత్రి నడిపినవాళ్లు పగలు అక్కడే పడుకుంటారు. ఆ సంగతి యోబుకు ఎవరూ చెప్పనక్కరలేదు. పదిహేనేళ్లప్పుడు కరీంనగర్ వైపు నుంచి వచ్చి, ఇదే ఊళ్లో గైబీ నగర్‌లో పదకొండేళ్లు మగ్గం నడిపాడు. అలాంటి గదిలోనే గోడ పక్క చోటు కోసం కొట్లాడాడు. ఎడమ చెవి మగ్గాల మోతకే పోయింది.

గదివాళ్లకు వండిపెట్టే ఐలవ్వ తలుపు తీసింది.

"సప్పుడు చెయ్యకు కొడుకా. రాత్‌పాళీ పోరగాండ్లు, గిప్పుడే పన్నరు."

చెప్పులు విడిచి, కాళ్ల మధ్య జాగ్రత్తగా అడుగులు వేస్తూ యోబు లోపలికి వెళ్లాడు. ఆరుగురు నిద్రపోతున్నారు. చివర గోడ పక్కన నర్సింగ్ అనే కార్మికుడు. ముప్పై ఏళ్లుంటాయి. జుట్టు నిండా దూది నలుసులు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కిటికీ వెలుతురు సరిగ్గా అతని మీదే పడుతోంది. యోబు అతణ్ణి నాలుగు నిమిషాలు తీశాడు.

తర్వాత బయట నీళ్ల డ్రమ్ములు తీస్తుండగా ఐలవ్వ అన్నానికి అందరినీ లేపింది. ఐదుగురు లేచారు.

"అయ్యో, కొడుకా! గీ పిలగాడు సల్లబడ్డడు!"

డాక్టరు వచ్చి, చూసి, గుండె ఆగిందన్నాడు. నర్సింగ్ చిన్నాన్న కొడుకు లస్మయ్య కార్ఖానా నుంచి ఉరుకుతూ వచ్చి, అన్న పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. ఏడవలేదు.

యోబు టెలిఫోన్ బూత్ నుంచి ఆఫీసుకు చెప్పాడు. అక్కడ వార్తల బాధ్యత చూసే దత్తాత్రి గొంతు ఒక్కసారిగా మారింది.

"అరే, గదే మెయిన్ న్యూస్! సచ్చే ముంగట తీసింది ఇంకెవనికాడ ఉంటది? జల్ది తే."

యోబు మెట్ల మీద కూర్చుని క్యాసెట్ వెనక్కి తిప్పి చూశాడు. మూడో నిమిషంలో నర్సింగ్ చెయ్యి ఛాతీ మీదికి వచ్చింది. కాసేపు నొక్కి పట్టుకుంది. జారిపోయింది. అప్పుడు తను ఏంచేశాడో యోబుకు గుర్తుంది. బొమ్మలో కదలిక వచ్చిందని సంబరపడి, ఇంకా దగ్గరగా తీశాడు.

"అవ్వా, నేనప్పుడు లేపితే బతుకుతుండెనేమో."

ఐలవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఛాతిల మంట అన్నడు పొద్దుగాల. నేను గూడ లేపలే బిడ్డా. అలసిపోయిండు, పండనీ అనుకున్న."

లస్మయ్య దగ్గరికి వచ్చాడు. "అన్నా, వాని ఫోటో ఒక్కటి లేదు. గా క్యాసెట్ ఇయ్యరాదు?"

"మీ ఊర్లె చూసెతందుకు మిషన్ ఉన్నదా?"

"లేదు. గిండ్ల నీ కొడుకున్నడని పెద్దమ్మ చేతుల పెడ్త."

యోబు క్యాసెట్ తీసి అతని చేతిలో పెట్టాడు. మళ్లీ ఫోన్ చేశాడు.

"ఇంటోళ్లకిచ్చిన."

"నౌకరీ కావాల్నా, వద్దా నీకు?"

"గీ రూము యాడికి పోతదన్నా? మల్ల తీస్త."

సాయంత్రం జీపు శవంతో, లస్మయ్యతో ఊరికి బయలుదేరింది. రాత్రి పనివాళ్లు ఐదుగురూ మగ్గాలకు వెళ్లారు. పగటి పనివాళ్లు తిరిగొచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు, ముందు లోపలికి ఎవరు వెళ్లాలో తెలియనట్టు. యోబు కొత్త క్యాసెట్ వేసుకుని లోపలికి వెళ్లాడు. గోడ పక్క చోటు ఖాళీగా ఉంది. దాని మీదుగా కట్టిన తాడు మీద, నర్సింగ్ పొద్దున పడుకునే ముందు ఉతికి ఆరేసుకున్న నీలం అంగీ ఎప్పుడో ఆరిపోయి, ఒక చెయ్యి లోపలికి మడత పడి, వేలాడుతోంది.