గొందికి దక్కిన హోదా

ఆ గొందిలో నడిచేవాళ్ళు మలుపు దగ్గర ఆగి "వస్తున్నా" అని ఒక కేక వేయాలి. అటునుంచి జవాబు రాకపోతేనే ముందుకు అడుగు పడాలి. "నేనూ వస్తున్నా" అని ఎవరైనా అన్నారో, చేతిలో బరువున్నవాళ్ళకు దారి వదిలి, ఉత్త చేతులవాళ్ళు పక్కనున్న ఏ గుమ్మంలోకో ఎక్కి నిలబడాలి. అలా ఎక్కినవాళ్ళకు ఆ ఇంట్లో పొయ్యి మీద ఏముందో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో ఊరికే తెలిసిపోయేది. మనుషులకే చోటు చాలని దారిలో దాపరికానికి చోటెక్కడిది?

టైలరమ్మ కాపురానికి వచ్చింది ఆ గొందికే. ముందు ఒక గది, వెనక వంటిల్లు, అంతటితో ఇల్లు అయిపోతుంది. అయితే అందరికీ లేని ఒక అదృష్టం ఆ ఇంటికి ఉండేది. ఎదురిల్లు పొట్టిది. దాని కప్పు మీదుగా ముందు గదిలోకి వెలుతురు పడేది. మిషను అక్కడ వేసుకుని, సాయంత్రం దాకా లైటు వేసే పని లేకుండా కుట్టుకునేది. ఆమె భర్త లారీ డ్రైవరు. ఎప్పుడు ఏ ఊళ్ళో ఉంటాడో ఆయనకే సరిగ్గా తెలియదు. అంచేత ఇల్లు గడిచేది ఆ మిషను మీద, మిషను నడిచేది ఆ వెలుతురు మీద.

ఇక అత్తగారు. ఆవిడకు ఇంట్లో అన్నీ నచ్చేవి, చిరునామా తప్ప. ఏ శుభకార్యానికి వెళ్ళినా చుట్టాల్లో ఎవరో ఒకరు "ఇంకా ఆ గొందిలోనేనా మీరు?" అని పలకరించేవాళ్ళు. ఆవిడకు ఆ పూట తిన్నది ఒంటబట్టేది కాదు. చివరింట్లో ఉండే రిటైరైన మాస్టారు ఈ విషయంలో ఆవిడను ఓదార్చబోయారు. బండి పట్టేదాన్ని వీధి అనాలని, ఇద్దరు పక్కపక్కన నడవగలిగితే సందని, ఒకరి వెనక ఒకరు నడవాల్సి వస్తే గొందని, దేని పరువు దానికుందని, క్లాసులో చెప్పినట్టే చెప్పారు. ఓదార్పు సంగతి దేవుడెరుగు, అత్తగారికి అందులో దారి దొరికింది.

"బండి పడితే వీధేగా మాస్టారూ? అయితే పట్టిద్దాం."

పట్టించారు కూడా. ఎన్నడూ ఒక మాట మీద నిలబడని ఆ జనం, ఈ ఒక్క పనికి ఏకమయ్యారు. ఎవరి గుమ్మం ముందు మెట్టు వాళ్ళే పగలగొట్టుకున్నారు. కుండీలు మేడల మీదికి ఎక్కించారు. బండి పడుతుందో లేదో చూడడానికి మున్సిపాలిటీ నుంచి వచ్చిన ఆఫీసరుగారిని మాస్టారింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఈ లోపల కూరల తోపుడుబండి ఒకటి తెచ్చి, దాని మీద అత్తగారిని కూర్చోబెట్టి తోశారు. మలుపులో బండి ఇరుక్కుంది. మగవాళ్ళు చప్పుడు చేయకుండా అత్తగారితో సహా దాన్ని భుజాల మీదికెత్తి, మలుపు దాటించి, మళ్ళీ దించారు. ఆఫీసరుగారు టీ గ్లాసుతో బయటికి వచ్చేసరికి బండి చక్కగా దొర్లుతూ ఎదురొచ్చింది. ఆయన ముచ్చటపడి ఫొటో తీయించారు.

నీలం రంగు బోర్డు వచ్చింది. గోడ నిటారుగా ఉందని టైలరమ్మ ఇంటికే కొట్టారు. అత్తగారు రోజూ పొద్దున్నే దాన్ని పైటకొంగుతో తుడిచి, పేరు చివర ఉన్న 'వీధి' అనే మాటను మరో రెండుసార్లు తుడిచేది. కొన్నేళ్ళు అలా సుఖంగా గడిచాయి.

తర్వాత ఊళ్ళో ఎక్కడో మంటలు రేగాయి. ఇక మీదట ప్రతి వీధిలోకీ ఫైరింజను పట్టాలని ఆర్డరు వచ్చింది. సందులకూ గొందులకూ మినహాయింపు. కొలతలు తీసే మనిషి మంచి మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. ముందు గది నడిమధ్య ఎర్ర రంగుతో గీత గీస్తూ, "మిషను కాస్త జరుపుతారా అమ్మా, గీత వంకర పోతుంది" అన్నాడు. ఒక వరస కొడితే వెడల్పు సరిపోతుందట. కొట్టే వరస టైలరమ్మది.

ఎదురింటావిడ వచ్చి కంటతడి పెట్టింది. "నీకొచ్చిన కష్టం నాకొచ్చినట్టే ఉంది వదినా" అంది. వెళుతూ వెళుతూ, షాపులకు వేసే షట్టర్లు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో తెలుసా అని అడిగింది.

అత్తా కోడళ్ళిద్దరూ ఆఫీసుకు వెళ్ళారు. మాది వీధి కాదు, గొందేనని టైలరమ్మ చెప్పింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఎవరూ అనని మాట. అత్తగారు నేల చూపులు చూసింది. ఆఫీసరు కొత్తవాడు. లేచి, గోడకున్న ఫొటో దించి తెచ్చాడు.

"బండి మీద కూర్చున్నది మీరేనా పెద్దమ్మా?"

కాదంటే ఏమయ్యేదో! అత్తగారు ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసుకుంది. ఆ రోజు నిజంగానే బాగుంది ఆవిడ.

"నేనే" అంది. తర్వాత మెల్లిగా, "మలుపులో దొర్లలేదు బాబూ. భుజాల మీద ఎత్తుకొచ్చారు" అంది.

"ఎలా వస్తేనేం పెద్దమ్మా, వచ్చిందిగా."

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. మలుపు దగ్గర అత్తగారు అలవాటుగా "వస్తున్నా" అంది.

గోడలు ఒక్క పూటలో పోయాయి. ముందు గదిలో మిగిలిన చోటు అత్తగారి మంచానికి సరిపోయింది. మిషను వంటింట్లోకి, పొయ్యి పక్కకి చేరింది. ఫైరింజను ఒకసారి వచ్చి చూసుకుంది. వీధి మొదట్లో ఉన్న దుకాణం మెయిన్ రోడ్డు లెక్కలోకి వస్తుందట, దాన్ని కొట్టలేదు. ఇంజను అక్కడే నిలబడి, హారను కొట్టి, వెనక్కి వెళ్ళిపోయింది.

ఎదురింటావిడ మాత్రం ఆలస్యం చేయలేదు. కింద షాపులు, పైన అంతస్తులు లేపింది. తలుపు తెరిచినా ఇటు వెలుతురు రావడం మానేసింది. బల్బు కింద కుట్టిన నల్ల గుడ్డల్లో కుట్లు వంకర పోతున్నాయని గిరాకీలు వేరే చోటు చూసుకున్నారు. భర్త ఫోనులో "వచ్చాక చూద్దాంలే" అన్నాడు. వచ్చాక చూశాడు. చూసి మళ్ళీ లారీ ఎక్కాడు.

బోర్డు ఇప్పుడు ఎదురింటి కొత్త గోడకు ఉంది. అత్తగారు మంచం మీంచి అటే చూస్తూ పడుకుంటుంది.

"ఏమే, ఆ బోర్డుకు దుమ్ము పట్టిందా?" అని అడిగింది ఒకరోజు.

టైలరమ్మ సూదిలో దారం ఎక్కించలేక తల ఎత్తింది.

"కనబడ్డం లేదత్తయ్యా. చీకటిగా ఉంది."

అప్పటికింకా మధ్యాహ్నమైనా కాలేదు.