సమీనా క్లాసు మీద నేను రాసిన కాగితం

మునిలక్ష్మి నా క్లాసు మానేసి సమీనా క్లాసులో చేరినప్పటి నుంచి నాకు అన్నం సరిగా సయించడం లేదు.

మాది చందాపుర, కన్నడ ఊరు. టైలరింగ్ షాపు పైన రెండు గదుల్లో ఒక సంస్థ పెద్దవాళ్ళకు చదువు చెప్పిస్తుంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్ళు, కూరగాయలు అమ్మేవాళ్ళు వస్తారు. చదివేది కన్నడం, మాట్లాడుకునేది తెలుగు. బస్సు బోర్డు, ఆస్పత్రి చీటీ చదవగలిగితే వాళ్ళకు చాలు. మూడేళ్ళుగా ఒక గది నాది. రెండో గదికి ఆరు నెలల కింద సమీనా వచ్చింది. హిందూపురం అమ్మాయి, కన్నడమూ బాగా వచ్చు. బీకాం చదివి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏదో కంపెనీలో చేరి, అది బోరు కొట్టి మానేసిందట. ఉద్యోగం బోరు కొట్టడమనే మాట నేను అదే మొదటిసారి వినడం. నా బడి తొమ్మిదో తరగతి మధ్యలో, అమ్మకు జబ్బు చేసినప్పుడు ఆగిపోయింది.

మునిలక్ష్మికి యాభై ఏళ్ళుంటాయి. అపార్ట్‌మెంట్లలో మెట్లు తుడుస్తుంది. నా దగ్గర రెండేళ్ళు కూర్చుంది. ఎందుకు మారావని అడిగితే, “ఏమీ లేదప్పా, ఆ క్లాసు టైము నాకు కలిసొస్తాది,” అంది. రెండు క్లాసులకూ మధ్య తేడా అరగంట.

అలాంటప్పుడు శిక్షణ సంగతి వచ్చింది. పెద్దలకు చదువు చెప్పే టీచర్లకు మూడు శనివారాలు శిక్షణ, ఆఖర్న ఒక్కో సెంటర్ నుంచి ఒకరిని మెంటర్‌గా తీసుకుంటారు. మెంటర్ అంటే టీచర్లకు పాఠం చెప్పే టీచరు. చేతికి సర్టిఫికెట్ ఇస్తారు. నా పేరుతో ఒక్క సర్టిఫికెట్ కూడా లేదు. ఆ నెలలోనే మా ఆయన గిరీష్ మా చిన్నిని బడిలో వేయడానికి ఫారం తెచ్చాడు. తల్లి చదువు అన్నచోట నన్ను అడగకుండానే తొమ్మిది అని రాశాడు.

“అడగొచ్చు కదా,” అన్నాను.

“అడిగితే పెరుగుతాదా?” అని నవ్వాడు.

ఆ మెంటర్ పని నాకు రావాలి. సమీనాకు రాకపోతే నాకే వస్తుంది, ఎందుకంటే మా సెంటర్‌లో ఉన్నది మేమిద్దరమే.

మొదటి శనివారం చిన్నికి జ్వరం. నూట రెండు దాటింది. తడిగుడ్డ వేస్తూ, అది కళ్ళు తెరిచినప్పుడల్లా ఊపిరి పీల్చుకుంటూ ఇంట్లోనే కూర్చున్నాను. మధ్యాహ్నం జ్వరం దిగాక అత్తకు అప్పగించి బస్సెక్కితే, నేను వెళ్ళేసరికి అందరూ టీ తాగుతున్నారు. సమీనా తన పుస్తకం నా ముందు పెట్టింది.

“హేమక్కా, మార్నింగ్ సెషన్ మొత్తం రాశాను. ఫోన్‌లో ఫోటో తీసుకోండి. చిన్నికి ఎలా ఉంది?”

“తగ్గింది. పుస్తకం అక్కర్లేదులే. మూడేళ్ళుగా చెప్తా ఉండాను, నాకు తెలీనిది ఏముంటాది,” అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. నాకు కాస్త హాయిగా అనిపించింది.

రెండో శనివారం, శిక్షణ ఇచ్చే శామ్యూల్ సార్ మాకు ఒక పని ఇచ్చాడు. ఒక టీచరు ఇంకో టీచరు క్లాసులో వెనక కూర్చుని, చూసింది రాయాలి.

“బాగుంది, బాగాలేదు అనే మాటలు కాగితం మీద ఉండకూడదమ్మా. మీ అభిప్రాయం నాకొద్దు. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది, అంతే. మెంటర్‌ని నేను ఈ కాగితాలు చూసే ఎంచుతాను.”

ఆ వారం నేను ఎదురుచూసినంతగా పండగకు కూడా ఎదురుచూడలేదు. అబద్ధం రాయనవసరం లేదు. తప్పులు పట్టుకుంటే చాలు.

బుధవారం నా క్లాసుకు సెలవిచ్చి సమీనా గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. నేను చదువుకున్న బడిలో టీచర్లంటే నిలబడేవాళ్ళు. గొంతు వీధి చివరికి వినిపించేది. ఒక్కమాట తప్పు చదివితే అక్కడికక్కడే ఆపేవాళ్ళు. సమీనా చాప మీద వాళ్ళ మధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అది రాశాను. మునిలక్ష్మి చేతిలో తన ఆస్పత్రి చీటీ ఉంది. మొదటి మాట చదివి, రెండో మాట దగ్గర ఆగింది. సమీనా ఏమీ అనలేదు. నేను మనసులో అంకెలు లెక్కపెట్టాను. ఇరవై దాకా వచ్చినా సమీనా నోరు విప్పలేదు. అదీ రాశాను. తర్వాత మునిలక్ష్మి రాత్రి అని ఉన్నచోట పొద్దున అని చదివింది. సమీనా దిద్దలేదు.

“మునక్కా, పొద్దున అని ఎలా తెలిసింది?” అని మాత్రం అడిగింది.

“పోయినసారి మాత్ర పొద్దునే కదా ఏసుకోమనింది,” అంది మునిలక్ష్మి. అని, చీటీని ముఖం దగ్గరికి తెచ్చుకుంది. “ఉండప్పా, ఇది వేరే ఉండాది. ఇది రాత్రి.”

ఆ తర్వాత చీటీ చివరిదాకా తనే చదివింది. పక్కనున్నవాళ్ళు శభాష్ అని ఆమె వీపు మీద ఒక్కటేశారు. అది నా కంటికి కనిపించింది. కానీ రాయలేదు. కాగితంలో ఖాళీ లేదనుకున్నాను. ఖాళీ ఉంది.

ఇంటికొచ్చి శుభ్రంగా తిరగరాశాను. టీచరు నిలబడలేదు. టీచరు ఇరవై లెక్కపెట్టేదాకా సాయం చేయలేదు. తప్పు చదివితే దిద్దలేదు. క్లాసులో టీచరు కన్నా చదువుకునేవాళ్ళే ఎక్కువ మాట్లాడారు. నిలబడలేదు అన్నదాని కింద రెండు గీతలు గీశాను.

మూడో శనివారం శామ్యూల్ సార్ మా ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ముందు సమీనా నా క్లాసు మీద రాసిన కాగితం చదివాడు. హేమలత గారు అందరినీ పిల్లల పేర్లతో సహా పలకరించారు. ఎవరైనా ఆగితే వెంటనే మాట అందించారు. గంటలో ఎవరూ ఒక వాక్యం పూర్తిగా సొంతంగా చదవలేదు. నాకు చెవులు వేడెక్కాయి. అయినా పర్లేదు, నా కాగితం ముందు అదెంత అనుకున్నాను.

నా కాగితం సార్ రెండుసార్లు చదివాడు.

“ఇరవై లెక్కపెట్టారా మీరు?”

“అవును సార్. నిజంగానే అంతసేపు ఊరికే ఉండింది.”

“మొదటి రోజు పొద్దున నేను చెప్పింది ఒక్కటే,” అన్నాడు. “ఆగండి, సాయం చేయకండి, తప్పును వాళ్ళే పట్టుకోనీండి అని. పెద్దవాళ్ళకు సిగ్గు ఎక్కువ, మనం అందిస్తే ఇక ప్రయత్నం చేయరు. అందరూ తలూపారు. చేసింది ఈమె ఒక్కతే. దాన్ని ఇంత వివరంగా చూసింది మీరు ఒక్కరే.”

నేను సమీనా వైపు చూడలేదు. ఆ పొద్దున నేను తడిగుడ్డ పిండుతూ ఉన్నాను. ఆమె ఇస్తానన్న పుస్తకం నేను వద్దన్నాను.

“చివర్లో ఆమె చీటీ చదివిందా?” అని అడిగాడు సార్. “ఇక్కడ రాయలేదే.”

లేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. లేదంటే ఆ పద్ధతి పనిచేయలేదని అర్థం. మెంటర్ పని ఇంకా నాకు రావచ్చు. సమీనా నన్నే చూస్తోంది, తను మాత్రం నోరు విప్పలేదు. ఇక్కడ కూడా ఆగుతోంది.

“చదివింది,” అన్నాను. “మొత్తం చదివింది.”

మెంటర్ సర్టిఫికెట్ మీద సమీనా పేరు రాశారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

మెట్లు దిగేటప్పుడు ఆమె నాతో నడిచింది.

“థ్యాంక్స్ అక్కా.”

“నీకు మంచి జరగాలని రాయలేదు సమీనా.”

“తెలుసు. నిలబడలేదు కింద రెండు గీతలున్నాయి కదా.” నవ్వింది. “మంత్లీ ఒకసారి నా క్లాసుకి వచ్చి కూర్చుంటారా? నన్ను ఇంత కోపంగా, ఇంత కరెక్టుగా ఇంకెవరూ చూడరు.”

నా కోపం కూడా ఆమెకే పనికొస్తోంది. చూస్తాలే అన్నాను.

సోమవారం నా క్లాసులో అలివేలు బస్సు బోర్డు చదువుతోంది. వంకాయలు అమ్మే మనిషి, గొంతు పెద్దది. అత్తిబెలె అన్న ఊరి పేరు దగ్గర ఆగింది. నేను పెదాలు గట్టిగా బిగించుకున్నాను. ఏడు, ఎనిమిది.

“ఏమి టీచరమ్మా, బేజారుగా ఉండావా?” అంది.

తల అడ్డంగా ఊపాను. పన్నెండు, పదమూడు. చదవమని అందరూ ఆమె వైపు తిరిగారు. పిల్లకు జ్వరం వచ్చినప్పుడు థర్మామీటర్ చూసే అంతసేపూ ఇలాగే ఉంటుంది నాకు. పదిహేడు దగ్గర అలివేలు ఆ ఊరి పేరు చదివేసింది. మళ్ళీ ఒకసారి గట్టిగా చదివింది. తర్వాత నా వైపు అనుమానంగా చూసింది.

“ఇట్ల చెప్పకుండా కూచోబెట్టేది ఆ పక్క గదిలో పద్ధతి కదప్పా? మునిలక్ష్మి చెప్పింది.”

“కాదు,” అన్నాను. “నాదే. కింద లైను చదువు.”