తడి గోనెపట్టా

మా కోడలు నీలిమకు నెలలు నిండాయి. బీపీ ఎక్కువగా ఉంది, నొప్పులు మొదలైతే ఆలస్యం చేయకుండా నరసరావుపేట తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. వెల్దుర్తి నుంచి అంత దూరం మా అబ్బాయి గోపీచంద్ పాత కారులోనే పోవాలి. ఆ కారు నిన్న మాచర్ల నుంచి వస్తూ దారిలో పొగలు కక్కి ఆగిపోయింది. చల్లారాక, నీళ్లు పోసుకుంటూ ఎలాగో ఇల్లు చేరాం. అప్పటి నుంచి నాకు కునుకు లేదు.

పొద్దున్నే మెకానిక్ ఫైజల్ వచ్చాడు. బానెట్ ఎత్తకముందే ముందు జాలీ దగ్గర వంగి, ఎండకు అట్టలా బిగుసుకుపోయిన గోనెపట్టాను ఊడలాగాడు. మంచినీళ్ల కుండకు చుట్టినట్టు తడిపి కట్టానని, ఇంజను చల్లగా ఉంటుందనుకున్నానని గోపీ చెప్పాడు.

"కుండకు గాలి తగిల్తేనే కదన్నా చల్లబడేది. నువ్వు ఇంజనుకు ముక్కు మూశావు."

గోపీ నవ్వేశాడు. రోగం దొరికింది, ఇక పోవచ్చన్నాడు. నీళ్లు పోసి స్టార్ట్ చేస్తే ఇంజను మామూలుగానే పలికింది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇంకాసేపు ఉంచి చూడమని ఫైజల్‌ను బతిమాలాను.

రేడియేటర్ మూత తీసే ఉంది. అందులో ఎసరు మరిగినట్టు బుడగలు లేచాయి. వేలు పెట్టి చూశాను. నీళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఫైజల్ ఇంజను ఆపించి ఆయిల్ మూత తిప్పాడు. మూత అడుగున పాలు ఎక్కువైన టీ రంగులో జిగురు. అతని ముఖంలో నవ్వు పోయింది. ఇంజనులో నీళ్లనీ ఆయిల్నీ కలవనీయకుండా ఆపే హెడ్ గాస్కెట్ వేడికి పోయిందని, లోపలి గ్యాసు నీళ్లలోకి, నీళ్లు ఆయిల్లోకి దిగుతున్నాయని, షెడ్డులో విప్పితే తప్ప కుదరదని చెప్పాడు.

వేడి చూపే మీటరు ముల్లు కిందే ఉంది, నీళ్లు పోసుకుంటూ ఒక్కసారి పోయొస్తానన్నాడు గోపీ.

"నీళ్లుంటేనే ముల్లు నిజం చెబుద్ది అన్నా. అయిపోతే దానికి వేడి తగలదు, కిందే పడుకుంటది. బాగుందనుకుంటా పోతావు. ఊరు లేని చోట ఇంజను పట్టేసిద్ది."

అప్పుడే నీలిమ గడప పట్టుకుని నిలబడింది. నడుం లాగుతోందని మెల్లగా అంది.

గోపీ కారు వైపు కదిలాడు. ఈలోపే నేను తాళం తీసి బొడ్లో దోపుకున్నాను.

"తాళం ఇయ్యమ్మా."

"ఇవ్వను. నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి."

చేశాడు. బండి వేరే కేసు మీద పోయిందని, మాచర్ల నుంచి ఇంకొకటి పంపుతామని అన్నారు. ఆటో ఏదైనా దొరుకుతుందేమోనని ఫైజల్ బైకు మీద పోయాడు. రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ లేదు.

గోపీ చాచిన చెయ్యి దించలేదు. లోపలికెళ్లిన నీలిమ నన్ను పిలిచింది, ఈసారి గట్టిగా. తాళం నా నడుముకు గుచ్చుకుంటోంది. దాని మీద చెయ్యి పెట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ, వస్తున్నానమ్మా అన్నాను.